పాము వీపు మీది ఇత్తడి గుబురు: మార్తా గ్రాహం – ఇసాము నొగూచి వేదికపై ఒక కేస్ స్టడీ

1946 మే 10న న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంవారి మెక్‌మిలిన్ థియేటర్‌లో అమెరికన్ ఆధునిక నృత్యకారిణి మార్తా గ్రాహం కూర్చిన ‘సర్పెంట్ హార్ట్’ అనే నృత్యం మొదటిసారి ఆడింది. సెట్టు శిల్పి ఇసాము నొగూచిది. గ్రీకు కథే అయినా వేదిక మీద రాజభవనం లేదు, స్తంభాలు లేవు. వెనక నడుమ అగ్నిపర్వతంలాంటి నల్లటి ఆకారం ఒకటి, గుండెలోంచి బయల్దేరే పెద్ద ధమనిలా. దాని దగ్గరికి పోయే దారిలో సముద్రంలో దీవుల్లా కొన్ని రాళ్లు. ఇంకో పక్క చుట్ట చుట్టుకున్న పచ్చటి పాము. ఆ పాము వీపు మీద ఇత్తడి తీగల గుబురు. మిగతాదంతా ఖాళీ.

కథ మెడియాది. భర్త జేసన్ ఆమెను వదిలి రాజకుమారిని చేసుకోబోతాడు. మెడియా ఆ పిల్లకు విషపు కిరీటం పంపుతుంది. నర్తకులు నలుగురే. మెడియాగా గ్రాహం, జేసన్‌గా ఎరిక్ హాకిన్స్, రాజకుమారిగా యురికో, కథను చూస్తూ వ్యాఖ్యానించే కోరస్‌గా మే ఒడానెల్. సంగీతం శామ్యూల్ బార్బర్. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, కొంత మార్చి, ‘కేవ్ ఆఫ్ ది హార్ట్’ అన్న పేరుతో జీగ్‌ఫెల్డ్ థియేటర్‌లో మళ్లీ వేశారు. ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు అదే.

నృత్యం, శిల్పం, వేదిక మూడూ కలిసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. వాటిలో దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో ఏ శిల్పమూ చూడడానికి మాత్రమే పెట్టింది కాదు. ప్రతిదానిలోనూ ఒక కాలికో, చేతికో, మొత్తం ఒంటికో చోటు వదిలి ఉంది. ఆ చోటు నిండేదాకా శిల్పం సగమే. కూచిపూడి ఎరిగినవాళ్లకు ఈ ఊహ పరాయిది కాదు. భామాకలాపంలో తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడినప్పుడు, మనిషి కనపడకముందే ఆమె అతిశయం సభలోకి వచ్చేస్తుంది. తరంగంలో పళ్లెం అంచును పట్టిన పాదాన్ని తీసేస్తే మిగిలేది వంటింటి పళ్లెమే. వస్తువుకూ ఒంటికీ మధ్య ఆ ఒప్పందాన్ని నొగూచి వేదిక అంతటికీ పరిచాడు. ఆ ఒప్పందం ఏ కొలతల మీద నిలబడుతుందో, ఎక్కడ తెగిపోతుందో చూద్దాం. కింద ఇచ్చిన లెక్కలు ఇప్పటి ఒక మామూలు ఆడిటోరియానికి వేసినవి. ఆనాటి అసలు సెట్టు కొలతలుగా వాటిని తీసుకోవద్దు.

ముందుగా రెండు తాళ్లు

‘కేవ్’ అర్థం కావాలంటే పదకొండేళ్లు వెనక్కి పోవాలి. 1935 ఏప్రిల్ 28న గిల్డ్ థియేటర్‌లో గ్రాహం ‘ఫ్రాంటియర్’ అనే ఏకపాత్ర నృత్యం చేసింది. సంగీతం లూయీ హార్స్ట్. ఆమె నృత్యంలో సెట్టు అంటూ వాడింది అదే మొదలు, నొగూచికీ రంగస్థలం అదే మొదలు. వెనక నడుమ చిన్న కంచె ముక్క. దాని వెనక నేల దగ్గర పుట్టిన రెండు తెల్లటి తాళ్లు, ముందున్న ప్రోసీనియం (వేదిక ముందరి చట్రం) పై మూలల దాకా విచ్చుకుంటూ పోతాయి. అంతే. తాడు శిల్పం కాదు, తాడు పుట్టించే ఖాళీయే శిల్పం అన్నది నొగూచి ఉద్దేశం. నర్తకి కంచె దగ్గర నుంచి నేరుగా ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి కంచె దగ్గరికే పోతుంది. ముందుకు వస్తున్నకొద్దీ తాళ్ల మధ్య చోటు పెరుగుతుంది, మైదానం తెరుచుకుంటుంది.

చూడడానికి ఇంత తేలికైన ఈ ఊహను కట్టబోతే మొదటి దెబ్బ తాడు బరువు దగ్గరే తగులుతుంది. ప్రోసీనియం వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 6, కంచె దాకా లోతు 7 అనుకుందాం. ఒక్కో తాడు పొడవు దాదాపు పదిన్నర మీటర్లు వస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల మందం మనీలా నార తాడు మీటరుకు సుమారు 400 గ్రాములు తూగుతుంది. దాన్ని 40 కిలోల బలంతో లాగి కడితే నడుమ 14 సెంటీమీటర్లు జారుతుంది. 80 కిలోలతో లాగినా 7 సెంటీమీటర్లు జారుతుంది. గీత గీసినట్టు ఉండాల్సింది బట్టలారేసే తాడైపోతుంది.

సరే, 80 కిలోలతోనే లాగామనుకోండి. అప్పుడు నేల దగ్గర కొక్కేనికి ఏం జరుగుతుందో చాలామంది చూసుకోరు. రెండు తాళ్లూ కలిసి దాన్ని 90 కిలోల బలంతో పైకి, 107 కిలోల బలంతో ముందుకు గుంజుతాయి. పక్కలకు లాగే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఇవి కొట్టేసుకోవు. బరువులు పెట్టి ఆపుదామంటే, నేలకూ బరువుకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, కంచె వెనక 350 కిలోలకు పైగా పేర్చాలి. కంచెకే తాళ్లు కడితే ఇంకా ప్రమాదం. నర్తకి కంచె కమ్మీ మీద కాలు వేసి వాలుతుంది, ఆ క్షణంలో తాడు కదలిక ఆమె పాదానికి చేరుతుంది. కంచె వేరు, తాళ్ల కొక్కెం వేరు. ఇందులో రాజీ లేదు.

నేలకు మర కొట్టనిచ్చే ఆడిటోరియంలో పని సులువు. చెక్కనేల కింది దూలానికి పట్టేలా రెండు పెద్ద మరలు, పైన ఉక్కు పట్టీ. మన దగ్గర చాలా హాళ్లలో నేల ముట్టుకోనివ్వరు. అక్కడ దారి ఒక్కటే, తాడు బరువు తగ్గించడం. బోలుగా అల్లిన నూలు తాడు, అదే మందంలో, మీటరుకు 100 గ్రాములకు దొరుకుతుంది. అది 10 కిలోల లాగుడుకే ఆ 14 సెంటీమీటర్ల జారుడు దగ్గరికి వస్తుంది. కొక్కేనికి 45 కిలోలు సరిపోతాయి. 20 కిలోల ఇనుప బరువులు మూడు, కింద రబ్బరు పరుపు. జారుడు సగానికి తగ్గాలంటే లాగుడూ బరువులూ రెట్టింపు. ప్రేక్షకుడికి కనిపించేది తాడు మందమూ తెలుపూ తప్ప బరువు కాదు.

ఇంకొకటి, తడి. నార తాళ్లు, నూలు తాళ్లు తడి పీల్చితే పొడవు తగ్గి బిగుసుకుంటాయి, ఆరితే వదులవుతాయి. వానాకాలం సాయంత్రం కట్టి, రాత్రంతా తలుపులు మూసి, మర్నాడు ఏసీ వేసి లైట్లు వెలిగిస్తే తాడు తప్పకుండా జారుతుంది. అందుకే కొక్కెం దగ్గర రెండు టర్న్‌బకిల్స్ (తిప్పి బిగువు సరిచేసే మరలు) ఉండాలి, ఆట మొదలవడానికి అరగంట ముందు ఒకసారి సరిచూడాలి. చేత్తో లాగి చూసి బిగువు చెప్పకూడదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు లేజర్ గీత వేసి, నడుమ జారుడు స్కేలుతో కొలవాలి. కుడి ఎడమల మధ్య 2 సెంటీమీటర్ల తేడా ఉన్నా సభకు కారణం తెలియదు గాని ఏదో వంకర అన్నది తెలిసిపోతుంది.

రాళ్లు, చూపు గీతలు

తాళ్లతో ఖాళీని మలచడం పట్టుబడ్డాక, ‘కేవ్’ నాటికి నొగూచి వస్తువుల్ని వేదిక అంచులకు, వెనక్కి నెట్టాడు. నడుమ నేల పూర్తిగా నర్తకులదే. అందం కోసమే ఇలా చేశాడనుకుంటే సగమే అర్థమైనట్టు. గ్రాహం పద్ధతిలో నేల మీద జరిగే పని చాలా ఎక్కువ. కూర్చుని, మోకాళ్ల మీద, పడుతూ, లేస్తూ. కడుపు దగ్గర ఒళ్లు ముడుచుకుని మళ్లీ విప్పుకోవడం ఆ పద్ధతికి ప్రాణం. నేల మీది ఒంటిని ఎంత చిన్న వస్తువైనా మింగేస్తుంది.

లెక్క చూడండి. పదో వరసలో కూర్చున్నవాళ్ల కన్ను వేదిక నేల కన్నా 1.2 మీటర్లు ఎత్తులో, వేదిక అంచుకు 12 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అంచు నుంచి 2 మీటర్లు లోపల 40 సెంటీమీటర్ల రాయి పెట్టారు. ఆ రాయి వెనక 7 మీటర్ల దాకా నేల కనపడదు. మామూలు వేదికలో అది వెనక తెర దాకా అన్నమాట. మొదటి వరసవాళ్ల సంగతి మరీ అన్యాయం. వేదిక ఎత్తు ఒక మీటరైతే వాళ్ల కన్ను నేలకు 20 సెంటీమీటర్ల పైనే ఉంటుంది, రాయి వాళ్లకు గోడే. అందుకని ఎత్తుగా ఉన్నవి వెనక, పొట్టివి వాటి ముందు, నేలపని జరిగేది వీటన్నిటికీ ముందు. ‘కేవ్’ అమరికలో ఈ వివేకం కనిపిస్తుంది. కొత్తగా సెట్టు గీసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా జారతారు. శిల్పి తన పనిని ముందుకు తెచ్చుకుంటాడు, నృత్యకారిణి దాని వెనక పడుకుంటుంది, సభకు మోచేయి కనిపిస్తుంది. నమూనా పెట్టె మీద పై నుంచి చూసి సరే అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. నమూనాను కంటి ఎత్తులో పెట్టి, మొదటి వరస రెండు చివరల నుంచి, పదో వరస నుంచి, బాల్కనీ ఉంటే అక్కడి నుంచి చూడాలి.

రాయి మీద నర్తకి నిలబడుతుంది, దాని మీంచి దూకుతుంది, ఒక కాలి మీద ఆగుతుంది. ఇప్పుడు అలాంటిది కట్టాలంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పక్కటెముకలు, పైన 18 మిల్లీమీటర్ల పలక, చుట్టూ వల మీద కాగితం గుజ్జో ఫైబర్ గ్లాసో చర్మం. మొత్తం 14 కిలోల లోపు ఉంచితే ఇద్దరు మోస్తారు. బలం చాలుతుందా అన్నది మొదటి ప్రశ్న. 55 కిలోల మనిషి దిగినప్పుడు పడే తాకిడి ఆమె బరువుకు మూడు రెట్లని లెక్కపెట్టుకుని, పలక మీద 165 కిలోలు పెట్టి చూడాలి. ఇది తేలికగానే నెగ్గుతుంది. రాళ్లు విరగడం అరుదు. అవి జారతాయి, తిరగబడతాయి.

నర్తకి ముందుకు దూకేటప్పుడు రాయిని వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను 30 కిలోల బలమనుకుంటే, రాయీ మనిషీ కలిసిన 69 కిలోల బరువుతో అది జారకుండా ఉండాలంటే అడుగున ఘర్షణ కనీసం 0.43 కావాలి. ఉత్త ప్లైవుడ్ అడుగు, నృత్యానికి పరిచే వినైల్ నేల మీద, అంత ఇవ్వదు. 3 మిల్లీమీటర్ల రబ్బరు అంటిస్తే ఇస్తుంది, అదీ నేల తుడిచి ఉంటేనే. రబ్బరు కింద దుమ్ము చేరితే చెక్క కన్నా అన్యాయంగా జారుతుంది. తిరగబడడం సంగతికొస్తే, 40 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల అడుగు ఉన్న రాయి మీద పాదం సరిగ్గా మధ్యలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పాదం వెనక అంచుకు 8 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లి అదే బలంతో తన్నితే రాయి వెనక్కి లేస్తుంది. దీనికి మందు నర్తకికి జాగ్రత్త చెప్పడం కాదు. పై పలకను అడుగు కన్నా చిన్నది చెయ్యాలి, అన్ని వైపులా 16 సెంటీమీటర్లు లోపలికి, పాదానికి చోటు చాలకపోతే అడుగునే వెడల్పు చేసి. అప్పుడు తప్పటడుగు వేసినా పాదం ప్రమాదం అంచుకు చేరదు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్న రూపం దీవికీ నప్పుతుంది.

గ్రాహం నర్తకులు వట్టి పాదాలతో చేస్తారు. జారకూడదని పై పలక మీద ముతక ఇసుక చల్లిన రంగు వేస్తే వారం తిరక్కుండా పాదాలు చిట్లుతాయి. ఆఖరి పూతలో సన్నటి సిలికా కలిపి, ఆరాక 120 నంబరు గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే చాలు. మెరుపు రంగు మాత్రం వద్దు, చెమట పడితే గాజే.

సాధన గదిలో రాళ్లకు బదులు కుర్చీలు, స్టూళ్లు పెట్టుకుని నెలలు గడపడం మన దగ్గర మామూలు. కుర్చీ 45 సెంటీమీటర్లు, రాయి 40. ఆ తేడా నర్తకి తొడకు తెలుసు. చివరి వారంలో అసలు రాయి వచ్చాక ఎక్కడం ఆలస్యమవుతుంది, దిగడం తొందరవుతుంది, సంగీతం తప్పుతుంది. మొదటి వారం నుంచే గట్టి అట్టతోనో పాత పేకింగ్ చెక్కతోనో అదే ఎత్తు, అదే పై పలక కొలత ఉన్న డమ్మీలు కావాలి. రూపం తర్వాత వచ్చినా ఫరవాలేదు, ఎత్తు తర్వాత రాకూడదు. స్థానాల్ని కూడా నడిమి గీత నుంచి ఎంత, ముందు గీత నుంచి ఎంత అని ఒక్కో రాయికి రెండు మూలల దగ్గర రాసుకోవాలి. ఒక మూలే రాసుకుంటే రాయి తిరిగిపోతుంది.

తీగల బట్ట

ఇప్పుడు పాము వీపు మీది ఇత్తడి. ఆట మొదట్లో అది విడిగా ఉన్న శిల్పం, ఒక ముళ్లపొదలానో కిరణాల చెట్టులానో. చివరికి మెడియా దాని లోపలికి చేరుతుంది, అది ఆమె చుట్టూ బట్టవుతుంది. సూర్యుడి మనవరాలైన మెడియా మళ్లీ ఆ వెలుగులోకే పోతుంది. దీన్ని సాలెగూడు బట్ట అని కూడా అంటుంటారు. ఈ నృత్యంలోనే మెడియా తన రొమ్ము దగ్గర నుంచి ఎర్రటి రిబ్బను లాగే సోలో ఉంది, లోపలి పేగుల్ని బయటికి తీసినట్టు. మెత్తటి గుడ్డ ఒకటి, గట్టి లోహం ఒకటి. ఈర్ష్య ఎక్కడ మొదలై ఏమవుతుందో ఈ రెండు పదార్థాల తేడాయే చెబుతుందని నా నమ్మకం.

ఇత్తడి తీగను ఎందుకు ఎన్నుకోవాలో తెలియాలంటే అది వణికే తీరు తెలియాలి. 3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ మీటరుకు 60 గ్రాములు. 60 మీటర్లు వాడితే బట్ట 3.6 కిలోలు, అతుకులు కలిపి 4. మోయగలిగిన బరువే. ఒక చివర బిగించి మీటరు పొడవు వదిలితే, ఆ తీగ తనంతట తాను సెకనుకు దాదాపు 1.4 సార్లు ఊగుతుంది. అడ్డంగా పెడితే కొన 18 సెంటీమీటర్లు వాలుతుంది. అదే 60 సెంటీమీటర్లు వదిలితే సెకనుకు 4 సార్లు, వాలు రెండున్నర సెంటీమీటర్లలోపే. పొడవు సగమైతే ఊగే వేగం నాలుగు రెట్లు. పొడుగు తీగ అలలా ఊగుతుంది, పొట్టి తీగ జ్వరంలా వణుకుతుంది. కొరియోగ్రాఫర్ ఏది అడుగుతోందో తేల్చుకోకుండా తీగ కత్తిరించకూడదు.

ఇక్కడొక చిక్కుంది. సెకనుకు 1.4 అంటే నిమిషానికి 86. సంగీతం లయ దానికి దగ్గరగా ఉండి, నర్తకి ప్రతి దెబ్బకూ అడుగేస్తే, నాలుగైదు అడుగులకల్లా తీగ ఊపు పెరిగిపోతుంది. కొన ముఖం దాకా వస్తుంది. తీగను 10 సెంటీమీటర్లు తగ్గిస్తే సొంత ఊపు నిమిషానికి 106కి పోతుంది, ప్రమాదం తప్పుతుంది. అన్ని తీగల్నీ ఒకే పొడవు పెట్టకపోవడం ఇంకా మంచిది. అప్పుడు అన్నీ ఒకేసారి లయకు చిక్కవు, గుబురంతా ఒకే ముద్దలా కాక ఒక్కో తీగా విడిగా బతికినట్టు కనిపిస్తుంది.

బట్ట ఒంటికి ఎక్కడ ఆనాలి? భుజాల మీద ఆనిస్తే మోయడం తేలిక, కాని కడుపు దగ్గర పుట్టిన కదలిక భుజం చేరేసరికి సగం చచ్చిపోతుంది. చేతులతో పట్టి, నడుము ఎత్తులో ఒక వలయం ఒంటికి దగ్గరగా ఉంచితే ఒళ్లు కొద్దిగా ముడుచుకున్నా ఆ కదలిక తీగ కొసలదాకా పోతుంది. గ్రాహం పద్ధతిలో శ్వాసే కదలికకు మూలం కాబట్టి రెండోదే సరైనదని నా అభిప్రాయం, చేతులు అలసినా సరే.

విరిగేది ఎప్పుడూ అతుకు దగ్గరే. తగరపు సోల్డర్ తీగ వణుకుడికి రెండు వారాలు ఆగదు. వెండి కలిపిన బ్రేజింగ్ (ఎక్కువ వేడితో చేసే గట్టి అతుకు) కావాలి. కాని బ్రేజింగ్ వేడికి అతుకు పక్కన రెండు మూడు సెంటీమీటర్ల మేర తీగ మెత్తబడుతుంది, అక్కడ వంగుతుంది. నిటారుగా చేస్తే మళ్లీ వంగుతుంది. అలా వంచి తీస్తూ పోతే ఆ చోట గట్టిపడి పుటుక్కుమంటుంది. అందుకే తీగ మొదలు దగ్గర, వంపు ఎక్కువగా పడే చోట అతుకు పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే 5 సెంటీమీటర్ల ఇత్తడి గొట్టం తొడిగి, బరువును గొట్టం మోసేలా చెయ్యాలి.

మెరుగు పెట్టడంలోనూ తప్పులు జరుగుతాయి. అమ్మోనియా ఉన్న పాలిష్ వాడకూడదు. వంచి ఒత్తిడిలో ఉన్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే బయటికి తెలియకుండా పగుళ్లు వస్తాయి, ఒకరోజు ఆటలో తెగుతుంది. మన ఇళ్లలో బిందెలు తోమే చింతపండు మంచిదే, కాని పులుపు అతుకుల సందుల్లో మిగలకూడదు. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ప్రతి ఆట తర్వాతా చెమట తుడవడం వీటన్నిటికన్నా ముఖ్యం.

పాము మీంచి బట్ట ఊడి రావడం ఆటలో అతి సున్నితమైన క్షణం. అక్కడ స్టేజీ మనిషి వచ్చి సాయం చెయ్యలేడు. దారంతో కట్టకూడదు, క్లిప్పులు వద్దు. పాము వీపులో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడు, బట్ట అడుగున 10 మిల్లీమీటర్ల మేకులు మూడు, 4 సెంటీమీటర్ల లోతు, మొనలు గుండ్రంగా. నేరుగా పైకెత్తితే ఒక్క ఊపుకు రావాలి, పక్కకు నెడితే రాకూడదు. లోపలికి దూరే సందు నర్తకి భుజాల వెడల్పు కన్నా 30 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. జుట్టు పిన్నులు, అల్లిక బట్టల దారాలు తీగ కొసలకు తగులుకుంటాయి. ప్రతి కొసనూ లోపలికి చుట్టి 6 మిల్లీమీటర్ల పూస వెయ్యాలి. ఇది కంటి భద్రత కోసం కూడా. బట్టలో ఉన్న నర్తకికీ మిగతావాళ్లకూ మధ్య తీగ పొడవు మీద ఇంకో అర మీటరు ఖాళీ, ఇది నృత్యరచనలోనే రాసి ఉండాలి.

వెలుగు

3 మిల్లీమీటర్ల తీగను 15 మీటర్ల దూరం నుంచి చూస్తే కంటికి అది నిమిషం కోణంలో మూడింట రెండొంతులు. మామూలు చూపు విడదీసి చూడగల హద్దు ఒక నిమిషం కోణం. అంటే పదిహేను మీటర్ల అవతల కూర్చున్నవాళ్లు తీగను చూడడం లేదు, తీగ మీది మెరుపును చూస్తున్నారు. ముందు నుంచి పరచిన వెలుగులో ఆ మెరుపు పోతుంది, బట్ట మాయమవుతుంది. పైగా వెనక తెర మీద నీడ పడి, అసలు తీగ కన్నా నీడే లావుగా కనిపిస్తుంది. ముదురు వెనక తెర, పక్కల నుంచి, వెనక పై నుంచి వెలుగు, ముందు లైట్లు బాగా తగ్గించి. గ్రాహం వేదికకు వెలుగు కూర్చిన జీన్ రోజెంథాల్ పక్క వెలుగులతో ఒంటిని చెక్కినట్టు చూపేది. ఏటవాలుగా పై నుంచి పడే ఆమె ఒంటరి కిరణాన్ని దేవుడి వేలు అని పిలిచేవారు. వింగుల్లో స్టాండు మీద లైట్లు మూడు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. మోకాలి కింద ఒకటి, ఛాతీ దగ్గర ఒకటి, తల పైన ఒకటి. కింది లైటు నేలపనికి మంచిదే, కాని రాళ్ల నీడల్ని వేదిక అడ్డంగా పరుస్తుంది. బట్ట సన్నివేశంలో దాన్ని ఆర్పేసి మిగతా రెండూ ఉంచుకోవాలి.

విప్పి మోయగలగాలి

1944 అక్టోబర్ 30న వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కూలిడ్జ్ ఆడిటోరియం చిన్న వేదిక మీద, ‘అపలాచియన్ స్ప్రింగ్’, తర్వాత ‘హెరోడియాడ్’ అని పేరు మారిన నృత్యం ఒకే సాయంత్రం మొదటిసారి ఆడాయి. సెట్లు నొగూచివే. ఆటకూ ఆటకూ మధ్య అన్నీ విప్పి, మార్చాలి. ‘హెరోడియాడ్’ అద్దాన్ని అతను ఎముకల్లాంటి ప్లైవుడ్ పలకల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టాడు. అదే రోజుల్లో చేసిన ‘కూరోస్’ అనే పాలరాతి శిల్పమూ ఇంతే, గాట్లలో గాట్లు, జిగురు లేదు. 1955–56లో బృందం ఆసియా పర్యటనలో మన దేశానికి కూడా వచ్చింది. ఓడలకూ లారీలకూ ఎక్కాల్సిన సెట్టు అంత తేలికగా విడిపోవాలి.

గాటు పద్ధతిలో పట్టించుకోవాల్సింది ప్లైవుడ్ అసలు మందం. 18 అని అమ్మేది 18 ఉండదు, వెర్నియర్ కొలబద్దతో కొలిచి, రెండు వైపులా రంగు పూతకు కలిపి, మరో అర మిల్లీమీటరు వదలాలి. రంగు పూర్తిగా ఆరకముందు దూర్చితే వారం తర్వాత విప్పేటప్పుడు పొర ఊడొస్తుంది. గాటు లోపల రంగు వద్దు, మైనం చాలు.

శిల్పం లేకపోతే

‘కేవ్’ కొత్త పేరుతో వచ్చిన మర్నాడు, 1947 ఫిబ్రవరి 28న, అదే జీగ్‌ఫెల్డ్‌లో ‘ఎరండ్ ఇన్‌టు ది మేజ్’ ఆడింది. సంగీతం మెనోటీ. గ్రాహం, మార్క్ రైడర్ ఇద్దరే. కటి ఎముకలాంటి ఒక చీలిక ఆకారం నిలబడి ఉంటుంది, దాని దాకా నేల మీద తాడు మెలికలు తిరిగి ఉంటుంది. ఆమె ఆ తాడు దారిన పోయి, దాన్ని చీలికకు అడ్డంగా చుట్టి తలుపు మూసుకుంటుంది. చివరికి విప్పి బయటికి అడుగు వేస్తుంది. భయం రూపంలో వచ్చే మనిషి చేతులు భుజాల మీది కాడికి బిగిసిపోయి ఉంటాయి, కాబట్టి ఆమెను చేతులతో పట్టి ఎత్తలేడు. ఆమే అతని తొడల మీద నిలదొక్కుకోవాలి. కాడి ఒక్కటి తీసేస్తే ఆ జంట కదలికలు అన్నీ వేరే అయిపోతాయి.

2012 అక్టోబరు చివర శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు, వెస్ట్‌బెత్ భవనం నేలమాళిగలో దాచిన గ్రాహం బృందం సెట్లు, బట్టలు నీళ్లలో మునిగాయి. ఆ తర్వాత బృందం ‘ఎరండ్’ను సెట్టు లేకుండా, పాత బట్టలు లేకుండా కొత్తగా కూర్చి ఆడింది. అలాంటి నష్టం రాకుండానే ప్రతి బృందమూ ఆ పరీక్ష పెట్టుకోవచ్చు. అన్నీ సిద్ధమైన తర్వాత, మొదటి ఆటకు పది రోజుల ముందు, శిల్పాలన్నీ తీసేసి ఒక పూర్తి రన్ చెయ్యాలి. నేల మీద టేపు గుర్తులు కూడా ఉండకూడదు. ఒకరు కూర్చుని రెండు జాబితాలు రాయాలి. వస్తువు లేకపోయినా ఏ కదలిక మారలేదు, వస్తువు లేకపోతే ఏ కదలిక కూలిపోయింది. మొదటి జాబితాలో చేరిన వస్తువును లారీ ఎక్కించే ముందు శిల్పి, నృత్యకారిణి కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. దాన్ని పక్కన పెడతారో, దాని కోసం కదలికను మళ్లీ రాస్తారో. రెండోదైతే ఆ పది రోజుల్లో కనీసం నాలుగు సాధనలు దానికే పోతాయి. రెండో జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ విడి భాగాలు కావాలి. తాడుకు ఇంకో తాడు, తీగకు ముందే కత్తిరించి పూసలేసిన పది తీగలు, రాతి అడుగుకు రబ్బరు ముక్కలు, మూడు మేకులు. ఇవన్నీ ఒకే పెట్టెలో, లారీలో అన్నిటికన్నా ఆఖరున ఎక్కించాలి, దిగేటప్పుడు మొదట చేతికి రావాలి.